లేజర్ దెబ్బకు మెలిదిరిగే వెలుగు: లెక్కల్లో చూద్దాం

కాచిగూడ రైల్వే స్టేషన్ నుంచి ఉస్మానియా యూనివర్సిటీ మీదుగా తార్నాక చౌరస్తాకు అటూఇటూగా అయిదు కిలోమీటర్లు. సాయంత్రం ట్రాఫిక్‌లో అరగంట పట్టినా ఆశ్చర్యం లేదు. వెలుగైతే 17 మైక్రోసెకండ్లలో చేరుతుంది. సెకండును పది లక్షల ముక్కలు చేస్తే అందులో 17 ముక్కలన్నమాట. ఇప్పుడు చెప్పుకోబోయే పనిలో అది కూడా చాలా పెద్ద కాలమే. ఇందులో వాడే లేజర్ పల్స్, అంటే ఒక్కో వెలుగు తునక, 100 ఫెమ్టోసెకండ్లే ఉంటుంది. సెకండులో పది లక్షల కోట్లవ వంతు. వెలుగు కాచిగూడలో బయల్దేరి తార్నాక చేరేలోగా అలాంటి తునకల్ని ఒకదాని వెనక ఒకటి దాదాపు 17 కోట్లు పేర్చవచ్చు.

ఈ తునకతో శాస్త్రజ్ఞులు చేసే పనిని రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. లేజర్ పల్స్‌తో ఒక అయస్కాంత పదార్థాన్ని కొడతారు, దాని లోపలి అయస్కాంత స్థితి క్షణంలో మారుతుంది. ఆ వెంటనే అదే పదార్థం గుండా మరో వెలుగును పంపితే, ఆ వెలుగు ధ్రువణం మారిపోయి బయటికి వస్తుంది. ఇందులో ప్రతి మాట వెనకా ఒక సందేహం ఉంటుంది, ఒక్కొక్కటే తీర్చుకుందాం.

మొదట ధ్రువణం. బట్టలారేసే తాడు ఒక కొసను మేకుకు కట్టి, రెండో కొసను చేత్తో పైకీ కిందికీ ఊపితే అల నిలువుగా పోతుంది, పక్కలకు ఊపితే అడ్డంగా పోతుంది. వెలుగు కూడా అలే. అది ఏ దిశలో ఊగుతోందో చెప్పేదే ధ్రువణం. సూర్యుడి వెలుగులో, మామూలు బల్బు వెలుగులో అన్ని దిశల ఊపులూ కలగాపులగంగా ఉంటాయి. పోలరైజర్ అనే పలుచని ఫిల్మ్ వాటిలో ఒక్క దిశనే రానిస్తుంది. ఇంట్లోనే చూడవచ్చు: పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్ తీసుకుని కంప్యూటర్ ఎల్‌సీడీ తెర ముందు మెల్లగా తిప్పండి. ఒక కోణంలో తెర మామూలుగా కనిపిస్తుంది, మరో కోణంలో నల్లబడిపోతుంది.

ఎంత తిప్పితే ఎంత వెలుగు తగ్గుతుంది? దీనికి లెక్క ఉంది, ముందుముందు చాలాసార్లు పనికొస్తుంది. వెలుగు ఊగే దిశ, పోలరైజర్ దిశ ఒకటే అయితే 100 వంతులూ వస్తాయి. రెండింటి మధ్య 90 డిగ్రీలుంటే ఏమీ రాదు. 45 డిగ్రీల దగ్గర సరిగ్గా 50 వస్తుంది. అక్కడి నుంచి వెలుగు దిశ ఒక్క డిగ్రీ తిరిగితే ఆ 50 కాస్తా 48.3 అవుతుంది. కోణాన్ని కంటితో కొలవలేకపోయినా, వెలుగు ఎంత తగ్గిందో కొలిచే పరికరం ఆ కోణాన్ని చెప్పేస్తుంది.

వెలుగు దిశను తిప్పడానికి అయస్కాంతమే కావాలా? అక్కర్లేదు, పంచదార నీళ్లు కూడా తిప్పుతాయి. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 10 గ్రాముల పంచదార కలిపి, 10 సెంటీమీటర్ల గొట్టంలో పోసి పసుపు వెలుగు పంపితే దిశ 6 డిగ్రీలకు పైగా తిరుగుతుంది. ఈ తిరుగుడును కొలిచే పోలరీమీటర్ తార్నాకలోని ఐఐసీటీ వంటి రసాయన ప్రయోగశాలల్లో రోజువారీ పనిముట్టు. ఒక మందు అణువు వెలుగును కుడివైపు తిప్పుతుందో ఎడమవైపు తిప్పుతుందో దాంతోనే తేలుస్తారు.

అయస్కాంతంతో వెలుగును తిప్పవచ్చని మొదట చూపింది మైకేల్ ఫారడే. 1845 సెప్టెంబరులో లండన్‌లో ఆయన సీసం ఎక్కువగా కలిపిన బరువైన గాజు ముక్కను విద్యుదయస్కాంతం దగ్గర పెట్టి, దాని గుండా ధ్రువణ కాంతిని పంపాడు. అయస్కాంతం పనిచేసినప్పుడల్లా వెలుగు దిశ మారింది. పంచదార తిప్పడానికీ అయస్కాంతం తిప్పడానికీ పెద్ద తేడా ఒకటుంది. పంచదార నీళ్ల నుంచి బయటికొచ్చిన వెలుగును అద్దంతో వెనక్కి పంపితే, వచ్చిన తిరుగుడంతా రద్దయిపోతుంది. అయస్కాంతంలో రద్దు కాదు, రెట్టింపవుతుంది. ఫైబర్ ఇంటర్నెట్ కేంద్రాల్లో లేజర్ల ముందు పెట్టే ఐసోలేటర్, అంటే వెలుగును ఒకవైపే పోనిచ్చే తలుపు, ఈ రెట్టింపు మీదే నడుస్తుంది. వెళ్లేటప్పుడు 45 డిగ్రీలు, వెనక్కి వచ్చేటప్పుడు ఇంకో 45, మొత్తం 90. తిరిగొచ్చే వెలుగు పోలరైజర్ దగ్గర ఆగిపోతుంది.

ఏ పదార్థం ఎంత తిప్పుతుందో చూస్తే తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. ఒక టెస్లా అయస్కాంత క్షేత్రంలో ఒక సెంటీమీటరు మందాన నీళ్లు వెలుగును 2 డిగ్రీలు తిప్పుతాయి. ఒక టెస్లా అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి హైదరాబాద్‌లో దాదాపు 25 వేల రెట్లు. అదే క్షేత్రంలో, అదే మందంలో, లేజర్ ల్యాబుల్లో వాడే టెర్బియం గాలియం గార్నెట్ అనే స్ఫటికం ఎర్ర లేజర్ వెలుగును దాదాపు 77 డిగ్రీలు తిప్పుతుంది. బిస్మత్ కలిపిన ఇనుప గార్నెట్ అయితే అర మిల్లీమీటరు మందంలోనే 45 డిగ్రీలు తిప్పేస్తుంది. అందుకే ఐసోలేటర్ గోరంత పెట్టెలో ఇమిడిపోతుంది.

ఇంత బాగా తిప్పగలిగినప్పుడు లేజర్ దెబ్బ ఎందుకు? తీగచుట్టలో కరెంటు పెంచుతూ తగ్గిస్తూ పోతే వెలుగు కూడా అలాగే తిరుగుతుంది కదా? తిరుగుతుంది, కానీ నెమ్మదిగా. అయస్కాంతత్వానికి మూలం ఎలక్ట్రాన్ స్పిన్, అంటే ప్రతి ఎలక్ట్రాన్‌కూ పుట్టుకతో ఉండే చిన్న అయస్కాంత గుణం. బయట క్షేత్రం పెడితే స్పిన్ వెంటనే అటు వాలిపోదు, ఆ క్షేత్రం చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. ఒక టెస్లాలో సెకండుకు 2,800 కోట్ల చుట్లు తిరుగుతుంది. వినడానికి ఎంతో వేగంగా ఉన్నా, లెక్కేస్తే ఒక చుట్టుకు 36 పికోసెకండ్లు పడుతుంది. పికోసెకండు అంటే వెయ్యి ఫెమ్టోసెకండ్లు. అంటే ఒక్క చుట్టు పట్టే సమయంలో మన 100 ఫెమ్టోసెకండ్ల పల్స్‌లు 360 పట్టేస్తాయి. దీనికి తోడు తీగచుట్టలో కరెంటు పెరగడానికే ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. వేగం కావాలంటే తీగచుట్టను వదిలేయాలి.

వదిలేయవచ్చని 1996లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్‌లో తేలింది. బోరెపేర్, బిగో తదితరులు 20 నానోమీటర్ల నికెల్ పొరను, అంటే తలవెంట్రుక మందంలో దాదాపు మూడు వేలవ వంతు ఉన్న పొరను, 60 ఫెమ్టోసెకండ్ల లేజర్ పల్స్‌తో కొట్టారు. రెండు పికోసెకండ్లలోపే దాని అయస్కాంతత్వం దాదాపు సగానికి పడిపోయింది. అంత త్వరగా పడిపోతుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. కొలిచింది కూడా ధ్రువణంతోనే: పొర మీద పడి వెనక్కి వచ్చిన వెలుగు ఎంత తిరిగిందో చూశారు. లోహాల మీద ఈ తిరుగుడు సాధారణంగా ఒక డిగ్రీకి లోపే ఉంటుంది.

వెలుగు తగిలితే వస్తువు వేడెక్కుతుంది, వేడికి అయస్కాంతత్వం తగ్గుతుంది, ఇందులో కొత్తేముంది అన్న సందేహం న్యాయమైనదే. నికెల్ విషయంలో అది చాలావరకు వేడి పనే. చిక్కు ఏమిటంటే, వేడి తెచ్చిన మార్పు వచ్చినంత త్వరగా పోదు. పొర చల్లారడానికి ఒక నానోసెకండు, అంటే వెయ్యి పికోసెకండ్లు, పట్టిందనుకుందాం. అప్పుడు దాన్ని సెకండుకు 100 కోట్ల సార్లకు మించి వాడలేం. ఇవాళ ఫైబర్ లైన్లలో వాడే లిథియం నయోబేట్ మాడ్యులేటర్లు, అంటే విద్యుత్తుతో వెలుగును మార్చే పరికరాలు, సెకండుకు 10 వేల కోట్ల సార్ల స్థాయికి ఇప్పటికే చేరాయి. దెబ్బ కొట్టడంలో ఎంత వేగం చూపినా, చల్లారేదాకా కాచుకోవాల్సి వస్తే ఆ వేగమంతా వృథా. ఈ రంగంలో వేగం గురించిన వార్త చదివినప్పుడు నేను మొదట వెతికేది ఈ రెండో అంకెనే: మారడానికి ఎంతసేపు అని కాదు, తిరిగి మామూలు కావడానికి ఎంతసేపు అని.

కాబట్టి వేడి అవసరం లేకుండా అయస్కాంతాన్ని కదిలించే దారి కావాలి. ఆ దారికి వెలుగులోని ఇంకో గుణం తెలియాలి. అల నిలువుగానో అడ్డంగానో ఊగడమే కాదు, ముందుకు పోతూ మరచుట్టులా గుండ్రంగా తిరుగుతూ కూడా పోగలదు. దీన్ని వృత్తీయ ధ్రువణం అంటారు. మల్టీప్లెక్సుల్లో ఇచ్చే చాలా రకాల 3డీ కళ్లజోళ్లు దీనితోనే పనిచేస్తాయి: ఒక అద్దం కుడివైపు తిరిగే వెలుగును, రెండోది ఎడమవైపు తిరిగే వెలుగును రానిస్తాయి. అలా తిరిగే వెలుగులోని ప్రతి ఫోటాన్, అంటే ప్రతి కాంతి రేణువు, తనతో పాటు కొంత స్పిన్, అంటే మెలితిప్పే గుణం, మోసుకుపోతుంది.

ఈ చివరి వాక్యం దగ్గర కాస్త ఆగాలనిపిస్తుంది, ఎందుకంటే దాని వెనక ఉస్మానియాకు బాగా దగ్గరి మనిషి ఉన్నారు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర చేరారు. ఫోటాన్‌కు స్పిన్ ఉందనడానికి ప్రయోగంలో దొరికిన ఆధారాన్ని రామన్, భగవంతం కలిసి 1931లో ప్రకటించారు. అణువుల మీద పడి చెదిరిన వెలుగు ధ్రువణాన్ని జాగ్రత్తగా కొలిచి వాళ్లు ఆ మాట అన్నారు. అమెరికాలో రిచర్డ్ బెత్ ఒక స్ఫటిక పలకను సన్నని తీగకు వేలాడదీసి, గుండ్రంగా తిరిగే వెలుగు దాన్ని నిజంగానే మెలితిప్పుతుందని చూపింది ఆ తర్వాత, 1936లో. భగవంతం 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా యూనివర్సిటీకి వైస్ చాన్సలర్. ఏ స్ఫటికంలో ఏ గుణం కనిపించవచ్చో, ఏది అసలు కనిపించే వీలే లేదో దాని సౌష్ఠవాన్ని, అంటే తిప్పినా ఒకేలా కనిపించే గుణాన్ని, చూసి చెప్పవచ్చన్నది ఆయన జీవితమంతా పట్టుకున్న విషయం. 1966లో దాని మీద ఒక పుస్తకమే రాశారు. అయస్కాంత స్ఫటికాల్లో వెలుగు ఎలా నడుచుకుంటుందో తేల్చేవారు ఇప్పటికీ సౌష్ఠవం లెక్కతోనే మొదలుపెడతారు.

ఫారడే చూపింది అయస్కాంతం వెలుగును తిప్పడం. దీన్ని తిరగేస్తే? గుండ్రంగా తిరిగే వెలుగు పదార్థంలో అయస్కాంతత్వాన్ని పుట్టించగలదని రష్యా సిద్ధాంతవేత్త లెవ్ పిటయేవ్‌స్కీ 1961లో లెక్కకట్టారు. 1965లో అమెరికాలో వాన్ డెర్ జీల్, పెర్షన్, మాల్మ్‌స్ట్రామ్ లేజర్‌తో దాన్ని కొలిచారు. దీన్ని విలోమ ఫారడే ప్రభావం అంటారు. దీనికి ఇచ్చే వివరణల్లో ముఖ్యమైనది రామన్ ప్రభావం తరహాదే. పదార్థం ఫోటాన్‌ను మింగేయదు. ఫోటాన్ కాస్త శక్తి వదిలేసి బయటపడుతుంది, ఆ తేడా స్పిన్‌లకు అందుతుంది. మింగుడు లేదు కాబట్టి, వేడెక్కాల్సిన అవసరమూ లేదు.

ఇదంతా నిజంగా జరుగుతోందా, లేక వేడికే ఇంకో పేరు పెట్టారా? దీన్ని తేల్చే పరీక్ష 2005లో నెదర్లాండ్స్‌లోని నైమేగన్‌లో అలెక్సీ కిమెల్ తదితరులు చేసిన ప్రయోగంలో కనిపిస్తుంది. డిస్ప్రోసియం, ఇనుము, ఆక్సిజన్ కలిసిన స్ఫటికాన్ని తీసుకుని, కుడివైపు తిరిగే పల్స్‌తో ఒకసారి, ఎడమవైపు తిరిగే పల్స్‌తో ఒకసారి కొట్టారు. రెండింటి శక్తీ ఒకటే, కాబట్టి వేడీ ఒకటే. వేడిదే అయితే ఫలితం రెండుసార్లూ ఒకేలా ఉండాలి. అలా లేదు. స్పిన్‌లు ఊగడం మొదలుపెట్టాయి, కానీ మొదటిసారి ఎటు ఊగాయో రెండోసారి సరిగ్గా దానికి ఎదురుగా ఊగాయి. ఆ స్ఫటికం గుండా వెళ్లిన వెలుగు ధ్రువణం కూడా అదే లయలో అటూఇటూ తిరిగింది. ఒక్కో ఊపు కొన్ని పికోసెకండ్లే.

ఈ ప్రయోగంలో నాకు బాగా నచ్చింది తర్వాతి భాగం. మొదటి పల్స్ తర్వాత సరైన సమయానికి రెండో పల్స్ పంపితే ఊపు రెట్టింపవుతుంది. సమయాన్ని సగం ఊపు మేర జరిపి పంపితే ఊపు అక్కడికక్కడే ఆగిపోతుంది. చల్లారేదాకా కాచుకోనక్కర్లేదు. పైన నేను వెతుకుతానన్న రెండో అంకె ఇక్కడే చిన్నదవుతుంది.

పికోసెకండ్లలో జరిగేదాన్ని ఏ కెమెరా పట్టుకుంటుంది? మామూలు కెమెరా ఏదీ పట్టుకోలేదు, పట్టుకోనక్కర్లేదు కూడా. ఒకే లేజర్ పల్స్‌ను రెండుగా చీలుస్తారు. బలమైనది పంప్, అంటే కదిలించేది. బలహీనమైనది ప్రోబ్, అంటే కనిపెట్టేది. ప్రోబ్ దారిలో ఒక అద్దాన్ని వెనక్కి జరిపితే అది ఆలస్యంగా వస్తుంది. వెలుగు వెళ్లి రావాలి కాబట్టి అద్దాన్ని 15 మైక్రాన్లు జరిపితే దారి 30 మైక్రాన్లు పెరుగుతుంది, వెలుగుకు అది 100 ఫెమ్టోసెకండ్లు. 15 మైక్రాన్లంటే తలవెంట్రుక మందంలో నాలుగైదో వంతు. మరతో జరిగే మంచి బల్ల అంత దూరాన్ని సునాయాసంగా జరుపుతుంది. ఒక్కో అద్దం చోటులో వేలసార్లు కొలిచి సగటు తీసి, అద్దాన్ని ఇంకాస్త జరిపి మళ్లీ కొలుస్తారు. అలా ఒక్కో చుక్కా పెట్టుకుంటూ పోతే మొత్తం ఊపు గ్రాఫులో కనిపిస్తుంది. కాలాన్ని కొలవడానికి గడియారం బదులు స్కేలు వాడుతున్నారన్నమాట. ఈ పద్ధతిలో ఇంతకంటే అందమైన సంగతి నాకు కనిపించలేదు.

లేజర్ దెబ్బలో ఎంత శక్తి ఉంటుందో అన్న సందేహం కూడా ఉంటుంది. ఒక పల్స్‌లో ఒక మైక్రోజౌల్ శక్తి ఉందనుకుందాం. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు అంత శక్తిని 0.11 మైక్రోసెకండ్లలో ఖర్చు పెట్టేస్తుంది, అంటే అది చాలా కొంచెం. అదే శక్తిని 100 ఫెమ్టోసెకండ్లలో గుచ్చితే ఆ క్షణానికి వచ్చే బలం కోటి వాట్లు, 2,000 వాట్ల గీజర్లు 5,000 ఒక్కసారి వేసినంత. సెకండుకు వెయ్యి పల్స్‌లు పంపినా సగటు ఒక మిల్లీవాటే, లెక్చరర్ చేతిలో ఉండే పాయింటర్ స్థాయి. ఆ ఒక్క పల్స్‌లో 800 నానోమీటర్ల వెలుగైతే ఫోటాన్లు దాదాపు 4 లక్షల కోట్లు. స్పిన్‌లను కదిలించడానికి ఇన్ని కావాలి, ఎందుకంటే ఆ ఫోటాన్లలో ఏదో చేసి పోయేవి అతి కొద్ది.

ఇక పనికొచ్చేదెప్పుడు? అయస్కాంతం మీద రాత రాయడంలో కొంత దారి పడింది. 2007లో నైమేగన్ బృందమే గాడోలినియం, ఇనుము, కోబాల్ట్ కలిసిన పొర మీద 40 ఫెమ్టోసెకండ్ల పల్స్‌తో, ఏ తీగచుట్టా లేకుండా, అయస్కాంత దిశను తిరగేసింది. కంప్యూటర్‌లో 0ను 1గా మార్చడమంటే అదే. వెలుగు ధ్రువణాన్ని పికోసెకండ్లలో మార్చే పరికరం మాత్రం ఇంకా ల్యాబు బల్ల మీదే ఉంది. రెండు అడ్డంకులున్నాయి. మొదటిది, ఇలా వచ్చే తిరుగుడు తరచూ డిగ్రీలో చిన్న భాగమే. డిగ్రీలో పదో వంతు తిరిగితే, 45 డిగ్రీల దగ్గర 50గా ఉన్న వెలుగు 49.8 అవుతుంది. ప్రయోగానికి చాలు, సమాచారం పంపడానికి చాలదు. రెండోది, పల్స్‌లు పుట్టించే లేజర్ ఇంకా బల్లంత పెద్దది. మందమైన పదార్థం వాడితే తిరుగుడు పెరుగుతుంది కానీ, అందులో ఒక మిల్లీమీటరు దాటడానికే వెలుగుకు 3 పికోసెకండ్లకు పైగా పడుతుంది, దాంతో వేగం కోల్పోతాం. అందుకే తక్కువ మందంలో ఎక్కువ తిప్పే కొత్త పదార్థాల కోసం వెతుకులాట ఇంత గట్టిగా సాగుతోంది.

ఆ వెతుకులాటకు కావాల్సిన రెండు నైపుణ్యాలూ ఈ ఊళ్లో ఉన్నాయి. ఉస్మానియా భౌతికశాస్త్ర విభాగంలో ఫెర్రైట్లు, మాంగనైట్లు వంటి అయస్కాంత ఆక్సైడ్‌లను వండి, పరీక్షించే పని దశాబ్దాలుగా జరుగుతోంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఫెమ్టోసెకండ్ లేజర్లు ఏళ్లుగా నడుస్తున్నాయి. పేలుడు పదార్థాలను దూరం నుంచి గుర్తించే పనికి కూడా వాటిని వాడారు. పదార్థం చేసే చేతులు, లేజర్ నడిపే చేతులు ఒకే ఊళ్లో ఉండటం చాలా చోట్ల దొరకని అవకాశం. అవి ఒకే బల్ల దగ్గరికి ఇంకా ఎక్కువగా రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివేవాళ్లు దీని మొదటి మెట్టును ఫెమ్టోసెకండ్ లేజర్ లేకుండానే చూడవచ్చు. సీసం ఎక్కువగా ఉన్న గాజు కడ్డీ 10 సెంటీమీటర్లది తీసుకుని, దాని చుట్టూ రాగి తీగ 800 చుట్లు చుట్టండి. ఒక ఆంపియర్ పంపితే లోపల క్షేత్రం టెస్లాలో దాదాపు నూరో వంతు. ఎర్ర లేజర్ వెలుగు ఆ కడ్డీలో దాదాపు ఒక డిగ్రీ తిరుగుతుంది. ఇటు ఒక పోలరైజర్, అటు 45 డిగ్రీల కోణంలో ఇంకోటి, దాని వెనక ఫోటోడయోడ్, దానికి మామూలు మల్టీమీటర్. కరెంటు లేనప్పుడు మీటర్ 50 చూపేలా సరిచేసుకుంటే, స్విచ్ వేయగానే 48కి అటూఇటూగా దిగుతుంది. తీగ కొసలు మార్చి కరెంటును ఎదురు దిశలో పంపండి, 52 దగ్గరికి ఎక్కుతుంది.